టన్నెల్‌లోకి వెళ్ళమన్నది నా పాదమే

నా ఫోన్‌లో మూడేళ్ళ కిందటి వీడియో ఒకటి ఉంది. పదకొండు సెకన్లది, ఎజిలిటీ అనే కుక్కల అడ్డంకుల పరుగులో తీసింది. అందులో మా కుక్క మల్లి మూడో జంప్ దాటుతుంది, నాలుగోది దాటుతుంది. అక్కడి నుంచి ఎడమకి తిరిగి ఐదో జంప్‌కి రావాలి. రాలేదు. ఎదురుగా ఉన్న టన్నెల్ అనే గొట్టంలోకి బాణంలా దూసుకుపోయింది. వెనక నా గొంతు వినిపిస్తుంది: "మల్లీ! ఇటు! ఇటు రా!" టన్నెల్ అవతలి మూతిలోంచి తోక ఊపుకుంటూ బయటికొచ్చిన మల్లి నా ముఖం చూసి చెవులు వెనక్కి వాల్చేసింది. నేను "ఛ" అన్నాను. అదీ రికార్డయింది.

ఆ సాయంత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెప్పాను, దానికి టన్నెల్ పిచ్చి అని, మాట వినదని. రాత్రి పడుకునే ముందు వీడియోని మెల్లగా, ఒక్కో ఫ్రేమూ ఆపుతూ చూశాను. మల్లి నాలుగో జంప్ ముందు ముందరి కాళ్ళు పైకెత్తబోతున్న చోట ఆపాను. ఆ క్షణంలో నా కుడి పాదం టన్నెల్ వైపు ఉంది. మోకాలు, తుంటి, ఛాతీ అన్నీ అటే ఉన్నాయి. చూపు కూడా అటే ఉంది, ఎందుకంటే మల్లి అందులోకి వెళ్ళిపోతుందేమోనని టెన్షన్ పడుతూ నేను దాన్నే చూస్తున్నాను. నేను ఎడమకి తిరగడం మొదలుపెట్టింది మల్లి అవతల నేల మీద దిగాక. అప్పటికి అది రెండు అంగలు వేసేసింది.

టన్నెల్‌లోకి వెళ్ళమని చెప్పింది నేనే. మల్లి విన్నది. విన్నందుకు నేను దాని మీద విసుక్కున్నాను.

ఈ వ్యాసంలో నేను వాదించబోయేది ఒక్కటే విషయం. ఎజిలిటీలో కుక్క దారి తప్పిందంటే చాలాసార్లు అది మన ఒంటి మాట విని వెళ్ళిందనే అర్థం. అలా వెళ్ళిన కుక్కని ఆపకూడదు, కసురుకోకూడదు, చివరికి ట్రీట్ కూడా ఎగ్గొట్టకూడదు. సరైన దారిలో వెళ్ళినప్పుడు ఇచ్చే బహుమానమే అప్పుడూ ఇవ్వాలి. దీన్ని చాలామంది ఒప్పుకోరు. తప్పుకి బహుమానం ఇస్తే తప్పే నేర్చుకుంటుంది కదా అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ ఆట ఎలా నడుస్తుందో చూడాలి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మైదానంలో జంప్‌లు, టన్నెల్‌లు, వీవ్ పోల్స్ అనే వరస కర్రలు, సీ-సా అనే ఊగే పలక, డాగ్ వాక్ అనే ఎత్తైన ఇరుకు పలక, ఎ-ఫ్రేమ్ అనే నిటారైన ఎక్కుడు దిగుడు, ఇలా పద్ధెనిమిది ఇరవై దాకా అడ్డంకులు పెట్టి అంకెలు వేస్తారు. కుక్క వాటిని ఆ వరసలోనే, వేగంగా, తప్పు లేకుండా పూర్తి చేయాలి. ఆ వరస కుక్కకి తెలియదు. కుక్కని నడిపించే హ్యాండ్లర్లకి మాత్రం ముందుగా కొన్ని నిమిషాలు కుక్క లేకుండా కోర్సులో, అంటే ఆ అడ్డంకుల దారిలో, నడిచి చూసుకునే వీలిస్తారు. తరవాత లీష్ విప్పేస్తాం. చేతిలో ట్రీట్ ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు, కుక్కని ముట్టుకోకూడదు. జంప్ మీది అడ్డకర్ర, అంటే బార్, పడితే తప్పు, అడ్డంకి ముందు ఆగిపోయినా పక్క నుంచి పోయినా తప్పు. వరస తప్పి వేరేది ఎక్కితే ఆ పరుగు అక్కడితో సరి.

ఈ ఆట పుట్టుకలోనే నా వాదనకి ఒక ఆధారం దొరుకుతుంది. 1978 లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షో జరుగుతున్నప్పుడు, రెండు ముఖ్యమైన కార్యక్రమాల మధ్య ఖాళీ సమయంలో ప్రేక్షకులు విసుగెత్తిపోకుండా ఏదైనా చూపించాలని నిర్వాహక సంఘంలోని జాన్ వార్లీ అనుకున్నారు. ఆయనకి గుర్రాల షో జంపింగ్ అంటే ఇష్టం. కుక్కల శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సాయంతో అదే తరహా ఆట కుక్కలతో తయారు చేశారు. ప్రేక్షకులకి అది తెగ నచ్చింది. 1996 నాటికి అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ ఆధ్వర్యంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా మొదలైంది.

గుర్రం ఆటని కుక్కకి తెచ్చినప్పుడు అడ్డంకులు వచ్చాయి, అంకెలు వచ్చాయి, బార్ పడితే తప్పు అనే లెక్క కూడా వచ్చింది. కళ్ళెం మాత్రం రాలేదు. గుర్రం మీద కూర్చున్నవాడి కాళ్ళు దాని డొక్కలకి తగులుతుంటాయి, చేతిలో పగ్గం ఉంటుంది, ఒంటి బరువు ఎటు మొగ్గినా గుర్రానికి వెంటనే తెలుస్తుంది. కుక్క మనకి ఐదు మీటర్లో పది మీటర్లో అవతల పరిగెడుతుంటుంది. దానికి మన గొంతు వినిపిస్తుంది, ఒళ్ళు కనిపిస్తుంది. ఈ రెండూ వేరువేరు మాటలు చెబితే కుక్క దేన్ని నమ్ముతుంది?

ఒళ్ళునే. ఇది నా ఒక్కరి అనుభవం కాదు. మనిషి వేలు చూపించిన వైపుకి వెళ్ళి దాచిన తిండిని కనుక్కోవడంలో కుక్కలు చాలా చురుకని 1998 లో బ్రయాన్ హేర్ బృందం, ఆడమ్ మిక్లోషీ బృందం వేరువేరుగా ప్రచురించిన పరిశోధనల్లో చూపించాయి. కుక్క కంటికి రంగులు మనకన్నా తక్కువ, పసుపు నీలాల చుట్టూనే దాని రంగుల ప్రపంచం తిరుగుతుంది. కదలికని మాత్రం ఇట్టే పట్టేస్తుంది. తలలో కళ్ళు కాస్త పక్కలకి ఉండడం వల్ల ముందుకి పరిగెడుతూ కూడా పక్కన వెనకబడి వస్తున్న మనల్ని చూడగలదు. మనం ఎడమ భుజం కాస్త వెనక్కి లాగితే ఆ సంగతి మనకన్నా ముందు దానికి తెలుస్తుంది.

ఫిన్లండ్‌లో పుట్టిన వన్‌మైండ్ డాగ్స్ అనే ఎజిలిటీ శిక్షణ పద్ధతి వెనక కథ ఇంకా నేరుగా ఉంటుంది. అది టెక్లా అనే బోర్డర్ కోలీ జాతి కుక్కతో మొదలైంది. టెక్లాకి వినికిడి పోయింది. అరిచి పిలిచే దారి మూసుకుపోయాక, ఒంటితోనే కోర్సంతా ఎలా చెప్పాలో దాని హ్యాండ్లర్ వెతుక్కోవలసి వచ్చింది. చెవిటి కుక్కతో కోర్సు నడపగలిగినప్పుడు, చెవులు బాగున్న కుక్కతో మనం అంత గొంతు చించుకోవడం దేనికి? మల్లి వీడియోలో సౌండ్ తీసేసి చూసిన రోజున నాకు ఈ విషయం పూర్తిగా అర్థమైంది. సౌండ్ లేకపోతే ఆ వీడియోలో ఒక మనిషి తన కుక్కని టన్నెల్‌లోకి పంపించి, అది వెళ్ళాక చేతులు గాల్లోకి విసురుతున్నట్టు ఉంటుంది, అంతే.

ఇక ఎప్పుడు చెప్పాలనే సంగతి. నా దృష్టిలో హ్యాండ్లింగ్‌లో ముప్పావు వంతు ఇదే. లెక్క చూడండి. సెకనుకి 5 మీటర్లు పరిగెత్తే కుక్క అనుకుందాం. పోటీల్లో ఇది మరీ గొప్ప వేగమేమీ కాదు. అడ్డంకికీ అడ్డంకికీ మధ్య దూరం సాధారణంగా 5 నుంచి 7 మీటర్లు. అంటే ఒక జంప్ నుంచి తరవాతి జంప్‌కి సెకను, సెకనున్నర. అందులో కుక్క ఆలోచించుకునేది మొదటి సగంలోనే. జంప్‌కి ముందు చివరి ఒకటి రెండు అంగల్లో అది తన ఒంటిని సర్దుకుంటుంది. నేరుగా పోవాలంటే అంగ సాగదీసి దూరం నుంచే లేస్తుంది. తిరగాలంటే అంగలు కుదించుకుని, బరువు వెనక కాళ్ళ మీదకి తెచ్చుకుని, బార్‌కి దగ్గరగా వచ్చి, గాల్లో ఉండగానే తల తిప్పి దిగుతుంది. ఒకసారి గాల్లోకి లేచాక దిగే చోటు మారదు. కాబట్టి "తిరగాలి" అనే కబురు దానికి గాల్లోకి లేవకముందే అందాలి. అంటే ముందు జంప్ దాటి దిగుతున్నప్పుడే మనం చెప్పడం మొదలుపెట్టాలి.

మనలో చాలామంది ఎప్పుడు చెబుతాం? కుక్క బార్ దాటడం కళ్ళారా చూసి, హమ్మయ్య అనుకుని, అప్పుడు చెబుతాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బార్ పడుతుందేమో అనే భయంతో బార్‌నే చూస్తూ ఉండిపోతాం. ఆ భయం వల్ల కబురు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా అందిన కబురుకి గాల్లోనే మెలిక తిరగబోయిన కుక్క వెనక కాలు బార్‌కి తగిలి అది కాస్తా పడుతుంది. తరవాత బార్ పడేసిందని కుక్కని అంటాం.

క్రాస్‌ల గురించి, అంటే పరుగులో మనం కుక్కకి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారడం గురించి, కొత్తవాళ్ళు ఎక్కువగా అడుగుతుంటారు, ఏది ఎక్కడ వాడాలని. వాటి పేర్లు బట్టీ పట్టడం కన్నా అవి కుక్కతో ఏం చెబుతాయో తెలుసుకుంటే మేలు. ఫ్రంట్ క్రాస్‌లో కుక్కకి ముందుగా చేరి, దానికి ఎదురుగా తిరిగి, పక్క మారతాం. మనం ఎదురుగా తిరగడం, వేగం తగ్గడం, రెండూ కలిసి "కుదించుకో, ఇక్కడ గట్టిగా తిరగాలి" అని చెబుతాయి. బ్లైండ్ క్రాస్‌లో కూడా కుక్క ముందే పక్క మారతాం, కానీ దానికి వీపు చూపిస్తూ, తల అవతలి భుజం మీదుగా తిప్పి. మన పరుగు ఆగదు కాబట్టి కుక్క పరుగూ ఆగదు. రేర్ క్రాస్‌లో కుక్క ముందుంటుంది, మనం దాని వెనక నుంచి దాటుతాం. మనకన్నా చాలా వేగమైన కుక్క ఉన్నవాళ్ళకి ఇది తప్పదు. కానీ కుక్కకి ముందున్న అడ్డంకి మీద గట్టి నమ్మకం లేకపోతే, మనం వెనక దాటుతున్నామని పసిగట్టి వెనక్కి తిరిగిపోతుంది. అందుకే రేర్ క్రాస్ చెడితే రేర్ క్రాస్‌ని పదే పదే చేయించకండి. ఒంటరి జంప్‌కి దూరం నుంచి పంపించడం మీద పని చేయండి.

క్రాస్ ఏదైనా ఒకటే పరీక్ష. కుక్క గాల్లోకి లేచేలోపు నా పని పూర్తయిందా? కాలేదంటే ఎంత అందంగా తిరిగినా ప్రయోజనం లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్నకి వస్తాను. తప్పుకి బహుమానం ఇస్తే తప్పే నేర్చుకోదా?

కుక్క ఏం చేసిందని మనం అనుకుంటున్నామో చూడండి. మన కళ్ళకి అది "ఐదో జంప్ వదిలేసి టన్నెల్ ఎక్కింది". కానీ అంకెల సంగతి కుక్కకి తెలియదని ముందే అనుకున్నాం కదా. దాని వైపు నుంచి చూస్తే జరిగింది వేరు. మనిషి పాదం అటు ఉంది, భుజాలు అటు ఉన్నాయి, మనిషి అటే పరిగెడుతున్నాడు, అటు వెళ్ళాను. ఇది మనం నెలల తరబడి కష్టపడి నేర్పిన పనే. అప్పుడు బహుమానం ఇస్తే కుక్క నేర్చుకునేది "మనిషి ఒంటిని చదివి ఆ దారిలో దూసుకుపో" అని. శిక్షిస్తే నేర్చుకునేది "ఒంటిని చదివి వెళితే ఒక్కోసారి ముఖం మాడ్చుకుంటారు" అని. రెండో పాఠం మొదట్లో బయటికి కనపడదు. నెమ్మదిగా వేగం తగ్గుతుంది. ప్రతి జంప్ తరవాత కుక్క వెనక్కి తిరిగి మన ముఖం చూస్తుంది, నిజంగానే వెళ్ళమంటున్నావా అన్నట్టు. ఆ చూపుకి ఒక్కోదానికి కాస్త సమయం పోతుంది. ఇంకొన్నాళ్ళకి మైదానంలో గడ్డి వాసన చూడడం, మధ్యలో ఆగి ఒళ్ళు గోక్కోవడం, ఉన్నట్టుండి పిచ్చిగా చుట్టూ పరిగెత్తడం మొదలవుతాయి. చూసేవాళ్ళు మొండితనం అంటారు. ఏం చేస్తే మంచిదో తేల్చుకోలేని కుక్క ఒత్తిడి అలా బయటపడుతుంది.

మల్లి విషయంలో నేను ఆ దశ దాకా వెళ్ళాను. ఒక శిక్షణ మైదానంలో నాకు మొదట నేర్పినాయన, తప్పు దారి పట్టిన వెంటనే గట్టిగా "నో" అని, మెడ పట్టీ పట్టుకుని మొదటికి తీసుకొచ్చి మళ్ళీ చేయించమనేవారు. "తప్పు దానికి తెలియాలి కదండీ" అనేవారు. నేనూ చేశాను. రెండు నెలల్లో మల్లి స్టార్ట్ లైన్ దగ్గర కూర్చోవడమే మానేసింది. కూర్చోమంటే పక్కకి తిరిగి ఆవులించేది. అప్పుడు దానికి రెండేళ్ళు. ఆ ఆవులింత ఒత్తిడిదని తెలియక నేను నిద్ర అనుకున్నాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టే విషయం అదే.

ఆ తరవాత పరిచయమైన ఒక అక్క దగ్గర నా పద్ధతి మారింది. ఆవిడ మొదటి రోజు మల్లిని కారులోంచి దించనివ్వలేదు. నన్ను ఒక్కదాన్నే కోర్సులో పరిగెత్తమన్నారు. నాలుగు జంప్‌లు, ఒక టన్నెల్. నేను పరిగెత్తాను. "ఇప్పుడు మల్లి ఎక్కడుంది?" అని మూడో జంప్ దగ్గర కేక వేశారు. నాకు తెలియలేదు. నా ఊహలో మల్లి లేనేలేదు. "కుక్క ఎక్కడుందో తెలియకుండా కబురు ఎవరికి చెబుతున్నావమ్మా?" అన్నారు. ఆ గంట మొత్తం కుక్క లేకుండానే గడిచింది. వెళ్ళే ముందు ఒక నియమం పెట్టారు. కోర్సులో ఏం చెడినా, ఎవరు తప్పినా, ఆగకూడదు. ఇంకో రెండు మూడు అడ్డంకులు అదే వేగంతో ఆడి, బొమ్మ విసిరి, మల్లితో బాగా ఆడుకుని, దాన్ని నీడలో కూర్చోబెట్టాలి. అప్పుడు ఒంటరిగా వెనక్కి వచ్చి, నా పాదం ఎటుందో చూసుకోవాలి.

మొదట్లో చాలా కష్టమైంది. నోట్లోంచి "ఛ" రాకుండా ఆపుకోవడానికే వారాలు పట్టింది. ఆ చిన్న శబ్దాన్ని తక్కువ అంచనా వేయకండి. మన దృష్టిలో అది మనల్ని మనం అనుకున్న మాట కావచ్చు, కానీ కుక్క పక్కనే ఉంటుంది, అది తననే అన్నామనుకుంటుంది.

ఇక్కడ ఒక గీత గీయాలి, లేకపోతే నా మాట అపార్థమవుతుంది. ఎజిలిటీలో కొన్ని పనులు పూర్తిగా కుక్కవే. దారి చూపించడం మన పని. జంప్ ఎటు, టన్నెల్ ఏ మూతి, ఎక్కడ తిరగాలి, ఇవన్నీ మనం చెప్పేవి. కానీ వీవ్ పోల్స్‌లోకి సరైన సందులోంచి దూరి చివరి కర్ర దాకా నేయడం, డాగ్ వాక్ దిగేటప్పుడు కింద వేరే రంగు పూసిన కాంటాక్ట్ భాగంలో పాదం పెట్టడం, సీ-సా నేలకి తగిలేదాకా పలక మీదే ఉండడం, ఇవి కుక్క ఒంటరిగా చేయాల్సినవి. ఇక్కడ తప్పిపోతే బహుమానం ఇవ్వను. తిట్టను కూడా. ఊరుకుని, తరవాతి ప్రయత్నాన్ని ఇంకాస్త తేలిక చేస్తాను.

ఏది ఎవరి తప్పో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష తేలికైనది. నేను కదలకుండా ఒకచోట నిలబడి పంపిస్తే మల్లి ఆ పని చేయగలదా? చేయగలిగితే, పరుగులో చెడగొట్టింది నా కదలిక. చేయలేకపోతే దానికి ఇంకా రాలేదు, నేర్పాలి. రెండింటిలోనూ మల్లి దోషం లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఈ ఆటలో కుక్కని ఓటి మద్దెల చేయడం చాలా సులువు, ఎందుకంటే అది ఎదురు చెప్పదు.

వీవ్ పోల్స్ నేర్పడం గురించి కాస్త వివరంగా చెబుతాను. "కుక్క పని" అంటే ఏమిటో ఇక్కడ బాగా కనిపిస్తుంది. పెద్ద పోటీల్లో వరసగా 12 కర్రలుంటాయి, ఒక్కోదాని మధ్య 60 సెంటీమీటర్లు. మొదటి కర్ర కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా దూరాలి, అది ఏ కోణం నుంచి వచ్చినా సరే. చేతిలో ట్రీట్ పట్టుకుని, కర్రల మధ్య కుక్క ముక్కుని అటూ ఇటూ తిప్పి నేర్పేవాళ్ళున్నారు. కర్రలు దాటినట్టే ఉంటుంది, కానీ కుక్క చూస్తున్నది చేతిని. చెయ్యి తీసేస్తే ఆట అయిపోతుంది.

కెనడా శిక్షకురాలు సూసన్ గారెట్ ప్రచారంలోకి తెచ్చిన 2x2 పద్ధతిలో మొదట రెండే కర్రలు. నేను అలాగే మొదలుపెట్టాను. రెండు కర్రలు పాతి, కాస్త దూరంలో నిలబడి ఊరుకున్నాను. ఏమీ చెప్పలేదు, చెయ్యి చూపించలేదు. మల్లి నన్ను చూసింది. కూర్చుంది. పడుకుంది. లేచింది. కర్ర వాసన చూసింది. విసుగొచ్చి పక్కకి నడవబోతూ రెండు కర్రల మధ్య నుంచి వెళ్ళింది. ఆ క్షణంలో "యెస్" అని బొమ్మ విసిరాను, నా వైపు కాకుండా కర్రల అవతల, వరస ఎటు సాగుతుందో అటు. బొమ్మ పట్టుకుని తిరిగొచ్చాక మల్లి ఆగి కర్రల వైపు చూసింది. ఇంకో రెండుసార్లు అనుకోకుండా దాటింది. నాలుగోసారి కావాలనే దాటింది. ఆ తేడా ముఖంలోనే తెలుస్తుంది. చెవులు నిక్కబొడుచుకుని, తల కిందికి దించి, నా వైపు చూడకుండా దూరింది. ఆ తరవాత నేను గడియారంలో ముల్లులా చుట్టూ తిరుగుతూ ఒక్కో కోణం నుంచి పంపాను. తరవాత ఇంకో రెండు కర్రలు, తరవాత నాలుగు, ఆరు, పన్నెండు. రోజుకి రెండు విడతలు, ఒక్కోటి ఐదు నిమిషాలు దాటకుండా.

ఇందులో బహుమానం పడే చోటు గురించి ఇంకొక్క మాట. ఎక్కడ దొరుకుతుందో కుక్క అటే చూస్తుంది. అన్ని ట్రీట్లూ మన చేతిలోంచే అందితే అది మన చేతినే అంటిపెట్టుకుంటుంది, తరవాత దూరం పంపించమంటే పోదు. ముందుకి పరుగు కావాలంటే బొమ్మ ముందుకి విసరాలి. బిగుతైన మలుపు కావాలంటే మన కాలి పక్కనే ఇవ్వాలి. ఈ చిన్న సంగతిని పట్టించుకోకపోతే ఎన్ని నెలలు చేసినా ఎక్కడో తేడా కొడుతుంది.

కాంటాక్ట్‌ల గురించి ఎక్కువ చెప్పను. వెనక కాళ్ళు పలక మీద, ముందర కాళ్ళు నేల మీద పెట్టి ఆగమనేది ఒక పద్ధతి. ఆగకుండా పరిగెత్తుతూనే కాంటాక్ట్ భాగంలో పాదం పడేలా నేర్పేది ఇంకో పద్ధతి. దీన్ని స్లొవేనియాకి చెందిన సిల్వియా ట్రక్‌మన్ పేరుతో చాలామంది ముడిపెడతారు. రెండోది వేగం, కానీ నేర్పడానికి చాలా ఓపిక, కచ్చితమైన కన్ను కావాలి. మల్లికి నేను మొదటిదే నేర్పాను. దాని భుజాలు కూడా నా మనసులో ఉన్నాయి. నిటారుగా దిగి ఒక్కసారిగా ఆగడం భుజాల మీద బరువు వేస్తుందని అంటారు కాబట్టి, ప్రాక్టీసులో ఎ-ఫ్రేమ్‌ని చాలావరకు కిందికి దించే ఉంచుతాను. ఇక్కడే ఇంకో మాట కూడా. ఎప్పుడూ శుభ్రంగా దూకే కుక్క ఉన్నట్టుండి బార్లు పడేస్తుంటే, నా హ్యాండ్లింగ్ లోపమా దాని శిక్షణ లోపమా అని తర్కించే ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. నొప్పిని కుక్క నోటితో చెప్పదు. ఎదుగుతున్న కుక్కపిల్లలతో ఎత్తైన జంప్‌లు, ఆపకుండా వీవ్ పోల్స్ అసలు చేయించకండి. వాటి ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. అప్పటిదాకా చేయాల్సిన పని నేల మీదే బోలెడు ఉంది: మన పక్కన వలయాలుగా పరిగెత్తడం, మన వేగం తగ్గితే తగ్గడం, ఒక కోన్ చుట్టూ తిరిగి రావడం.

నిజానికి ఇప్పుడు నా ప్రాక్టీసులో సగానికి పైగా మల్లి లేకుండానే జరుగుతుంది. నేలమీద నాలుగు కోన్లు పెట్టి కోర్సు గీస్తాను. మొదటిసారి నడుస్తాను, అంకెలు చూసుకుంటూ. రెండోసారి నడుస్తాను, మల్లి కళ్ళలోంచి చూస్తూ. ప్రతి జంప్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, దాని ఎత్తు నుంచి ఎదురుగా ఏం కనిపిస్తుందో చూస్తాను. మనిషి ఎత్తు నుంచి పక్కకి ఉన్నట్టున్న టన్నెల్ కుక్క ఎత్తు నుంచి సరిగ్గా ముఖం ముందు నోరు తెరుచుకుని ఉంటుంది. మూడోసారి పరిగెడతాను, గాల్లో మల్లిని ఊహించుకుంటూ, అది ఇప్పుడు దిగింది, ఇప్పుడు లేవబోతోంది అని పైకే అనుకుంటూ. చివరికి కళ్ళు మూసుకుని నిలబడి మొత్తం కోర్సు మనసులో ఆడతాను. ఎక్కడ బొమ్మ మసకబారుతుందో అక్కడే రేపు తడబడతానని నాకిప్పుడు తెలుసు.

కుక్కతో ఎక్కువసార్లు చేస్తేనే వస్తుందనే వాదన కూడా విన్నాను. కుక్కకి అవును, కొన్ని విషయాల్లో. కానీ ఒకే వరస పదిసార్లు ఆడిస్తే పదోసారికి కుక్క దాన్ని బట్టీ పట్టేస్తుంది, నా ఆలస్యపు కబురుతో పని లేకుండా తనే తిరిగేస్తుంది. నాకు వచ్చేసిందని నేను మురిసిపోతాను. పోటీ రోజు కొత్త కోర్సు ముందు నా ఆలస్యం మళ్ళీ బయటపడుతుంది. మధ్యలో మల్లి కీళ్ళు పది రెట్లు అరిగాయి. నా పాదాలు నేర్చుకోవాల్సిన పాఠానికి దాని కీళ్ళు వాడుకునే హక్కు నాకు లేదు.

పోయిన నెల ఒక పోటీకి వెళ్ళాం. పదమూడో అడ్డంకి తరవాత బ్లైండ్ క్రాస్. నేను ఒక అంగ వెనకబడ్డాను, తల తిప్పడం ఆలస్యమైంది. మల్లి నేరుగా వెళ్ళి పక్కనున్న జంప్ దాటేసింది. జడ్జి చెయ్యి లేచింది, మా పరుగు అక్కడితో పోయింది. ఆ చెయ్యి చూస్తూనే నేను పరుగు ఆపలేదు. "గో గో గో" అంటూ ఎదురుగా ఉన్న టన్నెల్‌లోకి పంపి, దాని అవతలి రెండు జంప్‌ల మీదుగా గేటు దాకా పరిగెత్తాం. రింగ్ బయట సంచీలో దాచిన బొమ్మ తీశాను. మల్లి దాన్ని పట్టుకుని గుర్రుమంటూ నా చెయ్యి ఊడేలా లాగింది. చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

వీడియో తీసిన అక్క ఫోన్ నా చేతికిచ్చారు. పదమూడో అడ్డంకి దగ్గర ఆపి చూశాను. కుడి పాదం. ఈసారి ఒక్క ఫ్రేమ్ ఆలస్యం.